తలుపు ముందు ఏడు నిమిషాలు

మార్చి 4

ఈ డైరీ మా ఆవిడ కొన్నది. "అరవాలనిపించినప్పుడు దీన్లో అరవండి" అని, మొన్న బట్టలు తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు బల్ల మీద పెట్టి వెళ్లింది. పుట్టి బుద్ధెరిగాక నేను డైరీ రాసిన పాపాన పోలేదు. అరవడానికి కూడా ఏమీ లేదు కాబట్టి పని గురించి రాసుకుంటాను.

ఇవాళ టోపీ మొదటి రీలు తెచ్చాడు. డైరెక్టర్‌కి నేను పెట్టుకున్న పేరు అది. స్నానానికైనా ఆ టోపీ తీస్తాడో లేదో దేవుడికే తెలియాలి. ఏడు నిమిషాల నలభై సెకన్లు. ఒకటే గది. పదిహేనేళ్ల పిల్ల బల్ల ముందు కూర్చుని చదువుకుంటూ ఉంటుంది. ఎవరో మెట్లెక్కి వస్తూ ఉంటారు. తలుపు తెరుచుకోబోతుండగా టైటిల్ పడుతుంది. మాటల్లేవు, వచ్చేవాడి మొహం లేదు, సంగీతం వద్దట. మిగిలింది శబ్దమే. అంటే మొత్తం నా నెత్తిన పడ్డట్టే.

"జనం ఊపిరి బిగబట్టాలి సార్" అన్నాడు.

"బిగబట్టిద్దాం" అన్నాను. ఇరవై రెండేళ్లుగా సినిమాలకు శబ్దాలు చేస్తున్నాను. ఇదొక లెక్కా!

ఇరవై ఏడో తేదీన సినిమా కొనేవాళ్లకు ఈ ఏడు నిమిషాలు వేసి చూపించాలి.

మా అమ్మాయి అమ్మలు పరీక్షలు ఇరవైకి అయిపోతాయి. పరీక్ష రాసే బడి వదినగారి ఇంటికి దగ్గర. అందుకే తల్లీ కూతుళ్లిద్దరూ ఆవిడ అక్కగారింట్లో ఉన్నారు. ఇరవై ఒకటిన వచ్చేస్తారు. అమ్మలు కాలికి కుట్లు కూడా పడ్డాయి కదా, బస్సులు మారడం కష్టం. పోయిన వారం భోజనాల దగ్గర పింగాణీ పళ్లెం జారి పగిలింది. చూసుకోకుండా ముక్క తొక్కింది. మూడు కుట్లు.

మార్చి 5

ఉరుము వద్దు. కుక్క అరుపు వద్దు. గడియారం టిక్కుటిక్కు అసలే వద్దు. ఈ మూడూ లేకుండా భయపెట్టలేనివాడు వేరే పని చూసుకోవాలి.

మార్చి 7

అడుగులక్క వచ్చింది. ఊళ్లో సగం సినిమాల్లో హీరోల నడక ఈవిడదే. అరవై ఏళ్ల మనిషి, పెట్టె నిండా చెప్పులూ బూట్లూ వేసుకుని వస్తుంది. తెర మీద వాళ్లు నడుస్తుంటే ఈవిడ మైకు ముందు చెక్క మీద నడుస్తుంది.

తోలు బూట్లతో ఎక్కింది. టోపీ విని, "పోలీసు వస్తున్నట్టుంది" అన్నాడు. రబ్బరు బూట్లతో ఎక్కింది. "దొంగ వస్తున్నట్టుంది" అన్నాడు. హవాయి చెప్పులతో ఎక్కితే "పాలవాడు" అన్నాడు. అక్క చెప్పులు విసిరి కొట్టినంత పని చేసింది.

"మరి ఎవరు రావాలి బాబూ?"

"తెలీనివాడు వస్తే భయం తక్కువక్కా. తలుపు గడియ పెట్టుకోవచ్చు, కేకలు వెయ్యొచ్చు. వచ్చేవాడు తెలిసినవాడు. ఆ పిల్లే లేచి తలుపు తియ్యాలి."

టోపీ కింద కాస్త బుర్ర ఉందన్నమాట. మొదటి సీను గుట్టు కూడా అక్కడే ఉంది. కత్తి చూపిస్తే జనం ఉలిక్కిపడతారు, మరుక్షణం తేరుకుని పాప్‌కార్న్ తింటారు. ఏమీ చూపించకుండా, ఏదో ఉందని మాత్రం చెప్పాలి. పిల్లకు తెలిసింది మనకు తెలియాలి. అది ఒకేసారి తెలియకూడదు. ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే ఒక్కో ముక్క తెలియాలి.

ఎలాగో మాత్రం తెలియడం లేదు.

మార్చి 8

మా ఆవిడకు ఫోన్ చేశాను. అమ్మలు బాగా రాస్తోందట. ఇరవై ఒకటిన పొద్దున్నే స్కూటర్ మీద వచ్చి ఒకళ్ల తర్వాత ఒకళ్లను దింపుతానన్నాను.

"పరీక్షలు అవనివ్వండి. తర్వాత చూద్దాం."

"చూద్దాం ఏంటి? చూడ్డానికి ఏముంది అందులో?"

సిగ్నల్ పోయింది. ఆ వీధిలో సిగ్నల్ సరిగ్గా ఉండదు.

మార్చి 9

ఆ వీధిలో సిగ్నల్ ఎప్పుడూ ఇంతే.

మార్చి 11

నా చెవికి నేనే మొక్కాలి. స్టూడియోలో చెక్క మీద ఎంత నడిచినా లాభం లేదని పొద్దున పదకొండింటికి మైకు మా ఇంట్లోనే పెట్టాను. బల్ల దగ్గర, అమ్మలు చదువుకునే కుర్చీ మీద, దాని తల ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో. తలుపు వేసి కిందికి వెళ్లి, నా బూట్లతోనే మూడు అంతస్తులూ ఎక్కి వచ్చాను.

సాయంత్రం స్టూడియోలో వినిపిస్తే టోపీ లేచి నిలబడ్డాడు. "వీడే సార్! వీడే వస్తున్నాడు!"

అక్క మాత్రం కళ్లు మూసుకుని రెండుసార్లు విన్నది.

"ఎవరివి తమ్ముడూ ఈ అడుగులు?"

"నావే."

"మడమ మీద బరువేసి నడుస్తావు నువ్వు" అంది. ఇంకేదో అంటుందేమోనని చూశాను. చెప్పుల పెట్టె సర్దుకుంది.

మార్చి 13

అడుగులు కుదిరాయి గానీ గది కుదరలేదు. వచ్చేవాడు వస్తున్నాడు, పిల్ల మాత్రం బొమ్మలా కూర్చుంది. గాలి వేశాను, పేజీ తిప్పిన చప్పుడు వేశాను, పక్కింటి కుక్కర్ కూత వేశాను. ఏదీ అతకడం లేదు. వందసార్లు విన్న చెవికి ఇక ఏమీ వినపడదు. కొత్త చెవి కావాలి.

అమ్మల్ని రమ్మంటాను. దానికి నా పోలికే, చీమ నడిచినా వింటుంది.

మార్చి 15, ఆదివారం

చాలా మంచి రోజు. మొత్తం రాసుకోవాలి.

ఇంటికి రమ్మంటే స్టూడియోకే వస్తానంది అమ్మలు. వదినగారి ఇంటి నుంచి స్టూడియోకి నేరుగా బస్సుంది, అందుకని. కాస్త కుంటుతోంది. తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుంది. దగ్గరికి రా, ఇక్కడ బాగా వినపడుతుంది అన్నా, ఇక్కడ బాగానే ఉంది నాన్నా అంది.

రీలు వేశాను. అయిపోయాక దీపాలు వేశాను.

"ఎలా ఉంది?"

"తప్పుంది నాన్నా."

"ఏంటి?"

"అడుగులు తలుపు దగ్గరికొచ్చాక ఆ పిల్ల తలెత్తింది. అంతసేపు ఎవరూ ఆగరు. కింద స్కూటర్ ఆగినప్పుడే తెలిసిపోతుంది."

నేను పెన్ను తీశాను.

"స్టాండు మెల్లిగా వేస్తే పర్లేదు. కాలితో తన్ని వేస్తే..." ఆగింది.

"ఊఁ, తన్ని వేస్తే?"

"పుస్తకం మూయకూడదు. మూస్తే చదవట్లేదంటాడు. ఆ పేజీనే చూస్తూ కూర్చోవాలి."

"అద్భుతం! తర్వాత?"

"కింద వాచ్‌మన్‌తో మాట్లాడాడా లేదా వినాలి. మాట్లాడితే సగం భయం పోతుంది. మాట్లాడకుండా మెట్లెక్కితే లెక్కపెట్టుకోవడమే. రెండో అంతస్తు దగ్గర కొంచెం ఆగుతాడు కదా, ఆయాసానికి. అప్పుడు వంటింట్లో వాళ్లమ్మ కుళాయి కట్టేస్తుంది."

"ఎందుకు?"

"వినడానికి."

"సినిమాలో వాళ్లమ్మ లేదే!"

"ఉంటుంది నాన్నా. కనపడదంతే."

ఒళ్లు గగుర్పొడిచింది నాకు. కుళాయి ఆగిపోవడం! శబ్దం పెంచి భయపెట్టడం ఎవడైనా చేస్తాడు. ఇది శబ్దాన్ని తీసేసి భయపెట్టడం. ఇరవై రెండేళ్లలో నాకు తట్టలేదు.

"టీవీ నడుస్తుంటే ఆపకూడదు" అంది. "ఆపితే, నేను రాగానే ఎందుకు ఆపారు, నేనేమైనా పులినా అంటాడు. సగానికి తగ్గించాలి. గ్లాసులు బల్ల అంచు నుంచి లోపలికి జరపాలి. చప్పుడు కాకుండా. తాళంచెవి ఒకేసారి దూరితే ఏం కాదు. రెండుమూడు సార్లు పొడిస్తే మాత్రం ఎవరూ ఏమీ మాట్లాడకూడదు."

"తాగి వస్తాడంటావా?"

"తాగడు నాన్నా. మామూలుగానే."

రెండు పేజీలు నిండాయి. నాకు ఆనందం పట్టలేదు. "ఇంత బుర్ర నీకెక్కడిదే అమ్మలూ?" అన్నాను.

"ఇంట్లోదే నాన్నా."

నవ్వాను. అదీ నవ్వింది, కొంచెం ఆలస్యంగా.

ఐస్‌క్రీమ్ కొనిపెట్టి బస్సెక్కించాను. ఇరవై ఒకటిన నువ్వు ముందెక్కుతావా, అమ్మని ముందు దింపనా అని అడిగితే, "అమ్మనడుగు నాన్నా" అంది. బస్సు కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపుతుందేమోనని చూశాను. జనం ఎక్కువగా ఉన్నారు, కనపడలేదు.

మార్చి 16

ఒక్కరోజులో పూర్తి చేశాను. భోజనం కూడా మర్చిపోయాను. స్కూటర్ స్టాండు, వాచ్‌మన్ దగ్గర మౌనం, సగానికి తగ్గిన టీవీ, జరిగిన గ్లాసులు, రెండో అంతస్తు దగ్గర ఆగిన కుళాయి. కుళాయి ఆగాక పదకొండు సెకన్లు ఏమీ వెయ్యలేదు.

మార్చి 17

టోపీ ఏడ్చాడు. నిజంగా ఏడ్చాడు, టోపీ తీసి మరీ. బట్టతల లేదు, ఎందుకు పెట్టుకుంటాడో.

"సార్, మీరు దీన్ని ఎక్కడ పట్టుకొచ్చారు సార్?"

నా పిల్లే నాకు గురువైందని గొప్పగా చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. అడుగులక్క కొట్టలేదు. అందరూ టీకి వెళ్లాక నా దగ్గరికి వచ్చింది.

"ఆ గ్లాసులు జరపడం... మా అమ్మ జరిపేది తమ్ముడూ."

"అంటే?"

"మా నాన్న సైకిలు గోడకి ఆనించిన చప్పుడుతోనే మాకు తెలిసిపోయేది. యాభై ఏళ్లయింది ఆ ఇల్లు వదిలి. ఇవాళ నీ రీలు వింటుంటే కాళ్లు ముడుచుకున్నాను." నా మొహంలోకి చూసింది. "మీ అమ్మాయికెలా తెలుసు ఇవన్నీ?"

"సినిమాలు ఎక్కువ చూస్తుంది" అన్నాను.

అక్క కూడా టీకి వెళ్లిపోయింది.

మార్చి 18

సినిమాలు ఎక్కువ చూస్తుంది.

సినిమాలు ఎక్కువ చూస్తుంది.

దానికి భయం సినిమాలంటే పడదు. నేను పెడితే లేచి గదిలోకి వెళ్లిపోతుంది. అన్నీ నేను చేసినవే, కనీసం నాన్న పనైనా చూడవే అని ఎన్నిసార్లు అరిచానో.

మార్చి 19

పనికి వెళ్లలేదు. పదకొండో తేదీన మా ఇంట్లో తీసిన రికార్డింగు పెట్టుకుని విన్నాను. సినిమాకి కత్తిరించక ముందున్నది.

తలుపు వేసిన చప్పుడు, నేను దిగిపోవడం, తర్వాత చాలాసేపు ఖాళీ గది. తర్వాత కింద గేటు. ఎక్కుతున్నాను. మొదటి అంతస్తు. రెండో అంతస్తు దగ్గర అడుగులు ఆగాయి. నాలుగు సెకన్లు. ఆయాసానికి.

నేను అక్కడ ఆగుతానని నాకు తెలియదు. దానికి తెలుసు.

వాచ్‌మన్‌తో నేను మాట్లాడను. ఎప్పుడో గేటు దగ్గర ఏదో గొడవైంది, అప్పట్నుంచీ మాట్లాడను. కోపం లేనప్పుడు మాట్లాడతానేమో. తెలియదు. దాన్నే అడగాలి. నేనేమైనా పులినా అన్నది నా మాటే. ఉన్నదున్నట్టు నా మాటే అప్పజెప్పింది, నేను దాన్ని డైలాగులాగా రాసుకున్నాను. పైగా అద్భుతం అన్నాను. తర్వాత తర్వాత అని అడిగాను.

కుంటుతూ వచ్చి తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుంది. నాతో చెప్పడానికి వచ్చింది. పదిహేనేళ్లుగా చెప్పలేనిది సినిమాలో పిల్ల మీద పెట్టి చెప్పింది. నేను ఐస్‌క్రీమ్ కొనిపెట్టాను.

సిగ్నల్ పోలేదు. ఆవిడే ఫోన్ పెట్టేసింది.

పళ్లెం జారలేదు. నేను మాట్లాడుతుంటే అమ్మలు ఏదో గుర్తొచ్చి నవ్వింది. పళ్లెం తీసి గోడకు కొట్టాను. గోడకే కొట్టాను, దాని మీదికి కాదు. ఇదీ ఒక సమర్థనే. గోడకు కొట్టాను, ముక్క దాని పాదంలో దిగింది. అది తొక్కలేదు, కదల్లేదు కూడా. కుర్చీలోనే కూర్చుని ఉంది. రక్తం చూసింది నేను కాదు, వాళ్లమ్మ.

నేను కొట్టే రకం కాదని అందరితో అంటాను. చెయ్యి ఎత్తలేదు కాబట్టి మంచివాణ్ణని ఇన్నాళ్లూ నమ్మాను. సిగ్గేస్తోంది. ఖాళీ ఇంట్లో కూర్చుని కూడా ఎటు చూడాలో తెలియడం లేదు.

మార్చి 20

ఇవాళ్టితో పరీక్షలు అయిపోయాయి. మధ్యాహ్నం ఆవిడ పనిచేసే కళ్లద్దాల దుకాణానికి ఫోన్ చేశాను. భోజనాల వేళ కాబట్టి మాట్లాడింది.

"ఆరోజు పళ్లెం జారలేదు. నేనే విసిరాను."

"తెలుసండీ. నేనక్కడే ఉన్నాను."

ఆవిడే మళ్లీ అంది.

"డాక్టరు అడిగితే జారిందని అమ్మలే చెప్పింది. నేను చెప్పమనలేదు. ఎంత చక్కగా చెప్పిందంటే, నాకప్పుడు భయమేసింది. అందుకే అట్నుంచి అటే అక్క వాళ్లింటికి తీసుకొచ్చేశాను. పరీక్షలనేది వంక."

"నేను మారతాను. రేపు వచ్చి తీసుకెళ్తాను."

"మీరుంటే రాము."

"అంటే?"

"ఎన్నాళ్లని ఒకరింట్లో ఉంటాం? దాని గది అక్కడుంది, పుస్తకాలు అక్కడున్నాయి. మీరు వేరే ఎక్కడైనా ఉండండి, మేం ఇంటికొస్తాం. ఎన్నాళ్లని అడక్కండి. నాకూ తెలీదు."

కోపం వచ్చింది. రాసుకోవడానికే కదా ఈ పుస్తకం. వచ్చింది. చెవుల్లోకి వేడి ఎక్కింది, నా ఇంట్లోంచి నన్నే పొమ్మంటావా అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఫోన్ అవతల ఆవిడ ఊపిరి కూడా వినపడడం లేదు. వినడానికి ఊపిరి ఆపుకుంది. మా ఇంటి కుళాయి కట్టేసిన మనిషి ఆవిడే కదా.

"సరే" అన్నాను. ఆ ఒక్క ముక్కకి ఎంతసేపు పట్టిందో.

మార్చి 21

రెండు సంచులు. స్టూడియో వెనక గది. వాళ్లు సాయంత్రం ఇంటికి చేరారట.

మార్చి 24

మొదటి రీలు మార్చేద్దామన్నాను. టోపీ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "చంపినా మార్చను సార్" అన్నాడు. అది నా సొత్తు కాదయ్యా అన్నా వినలేదు. అడగాల్సినవాళ్లను అడిగి రావడానికి రెండు రోజులు గడువు తీసుకున్నాను.

మార్చి 25

అమ్మలు ఫోన్ ఎత్తింది.

"నువ్వు చెప్పినవి సినిమాలో పెట్టాను. నిన్నడక్కుండా పెట్టాను. తీసెయ్యమంటే తీసేస్తాను."

"బాగా వచ్చిందా?"

"చాలా బాగా వచ్చింది. అదే బాధ."

"ఉండనీ నాన్నా. నాన్నలు కూడా సినిమాకొస్తారుగా."

"అమ్మలూ, నేను..."

"పెట్టేస్తున్నా నాన్నా, అమ్మ పిలుస్తోంది."

వాళ్లమ్మ పిలిచినట్టు నాకేం వినపడలేదు. పిలిచే ఉంటుంది అని రాసుకోబోయాను. పిలవలేదు.

మార్చి 27

వేశారు. కుళాయి ఆగాక ఆ పదకొండు సెకన్లూ హాల్లో ఒక్కరు దగ్గలేదట. సినిమా కొన్నారట. నేను బయట మెట్ల మీద కూర్చున్నాను. అక్క వచ్చి పక్కన కూర్చుంది.

మార్చి 31

డాక్టరు దగ్గరికి వెళ్లాను. కోపానికి కూడా డాక్టరుంటాడు. నోట్లోంచి మాట రావడానికే అరగంట పట్టింది. మళ్లీ వచ్చే మంగళవారం రమ్మన్నాడు.

ఏప్రిల్ 2

ఆవిడ నుంచి మెసేజ్. "ఆదివారం నాలుగింటికి రావచ్చు. కింది నుంచి ఫోన్ చేసి పైకి రండి. ఒక గంట."

పదిసార్లు చదివాను.

ఏప్రిల్ 5, ఆదివారం

నాలుగింటికి రమ్మంటే, స్కూటర్ వీధి చివరే ఆపి మూడున్నరకే నడిచి వెళ్లాను. వాచ్‌మన్‌ని బాగున్నావా అని అడిగాను. బిత్తరపోయాడు.

మా కిటికీ కింద, గోడ పక్కన నీడలో నిలబడ్డాను. కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. పైనుంచి ఈల వినిపిస్తోంది. రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని వేసే ఈల, వీధి చివరికి వినపడేంత గట్టిగా. ఏదో పాట మొదలుపెట్టడం, మధ్యలో శ్రుతి తప్పడం, పగలబడి నవ్వడం, మళ్లీ మొదలుపెట్టడం. "అబ్బ, నా చెవులు పోయాయే తల్లీ" అని ఆవిడ గొంతు. ఆవిడ కూడా నవ్వుతోంది. పక్కింటి పిల్లలెవరో వచ్చి ఉంటారు, వాళ్లలో ఒకళ్లు ఈల వేస్తున్నారు అనుకున్నాను. మా ఇంట్లో ఈల వేసేవాళ్లు ఎవరూ లేరు.

ఇరవై రెండేళ్లలో ఎన్ని వేల శబ్దాలు పట్టుకున్నానో. ఇంత బాగున్నది ఒక్కటీ లేదు. నాలుగైంది కూడా తెలియలేదు. ఫోన్ చేశాను.

పైన ఫోన్ మోగింది. ఈల ఆగిపోయింది. నవ్వు ఆగిపోయింది. కిటికీ అవతల అంతా ఒక్కసారిగా సద్దుమణిగింది.

"హలో నాన్నా" అంది అమ్మలు. జాగ్రత్తగా, మర్యాదగా.

"కింద ఉన్నానమ్మలూ. ఆ ఈల ఎవరే?"

"నేనే నాన్నా. కిందికి వినపడిందా? సారీ నాన్నా. ఇంక వెయ్యను."

"అయ్యో, వెయ్యమ్మా. చాలా బాగుంది" అన్నాను. అది ఊఁ అంది. పైకి రానా అని అడగడానికి నోరు రాలేదు. స్టూడియోలో పని తగిలింది, వచ్చే ఆదివారం వస్తాను, మీరు మీ పని చూసుకోండి అని చెప్పి ఫోన్ పెట్టేశాను. వెళ్లిపోయాననుకుంటారు కదా అని ఆ గోడ పక్కనే, కిటికీకి కనపడకుండా, అరగంట నిలబడ్డాను.

మళ్లీ వెయ్యలేదు.